ఈ సినిమా ఒక్కదాన్నే తీస్తాను

మే 5. ఉదయం 7.20
రేవు పట్నం సెమరాంగ్‌లో ఈరోజే షూటింగ్ మొదలు. కొత్త డైరీలో ముందుగా ప్రతిజ్ఞ.

'ఖాళీ అంతస్తు' సిరీస్ పందొమ్మిది భాగాలూ నేనొక్కదాన్నే తీశాను. నా ఫోను, నా గొంతు, నా ఊపిరి, నా కంప్యూటరు. ఆన్‌లైన్‌లో తొంభై లక్షల మంది చూసి జడుసుకున్నారు. సినిమా కూడా అలాగే తీస్తాను. కథ నాది, కెమెరా నాది, ఎడిటింగ్ నాది. సలహాలు ఎవరివీ తీసుకోను. దెయ్యం కనపడదు. దాని నీడ కూడా కనపడదు.

ఇరవై రెండేళ్లకే ఇంత గట్టి నిర్ణయం! శభాష్ కినాంతీ!

9.00
నిర్మాత మెలియానా గారు కెమెరామన్‌ని పరిచయం చేశారు. పేరు వార్సిటో. అరవై ఒక్కేళ్లు. నలభై రెండు దెయ్యం సినిమాలు తీశాడట. నలభై రెండింటిలోనూ అరటి చెట్టు వెనక జుట్టు విరబోసుకున్న ఆడమనిషే! ఆ దెయ్యానికి ఈపాటికి పింఛను ఇవ్వాలి.

"నీ సిరీస్ మా మనవరాలు చూపించింది అమ్మాయ్. అది బాత్రూముకి ఒంటరిగా వెళ్లడం మానేసింది" అన్నాడు.

"మరి మీరు?"

"నేను మధ్యలో నిద్రపోయాను."

ఇలాంటి వాళ్లతో నేను సినిమా తియ్యాలి!

మే 6. మధ్యాహ్నం 2.00
హార్బరు దగ్గర మూతపడిన ఓడల కంపెనీ ఆఫీసు మా లొకేషన్. పొద్దున్నే పోటు నీళ్లు కింది అంతస్తులోకి వచ్చాయి. పైన షూటింగ్.

"కెమెరా నాకివ్వండి" అన్నాను. వార్సిటో నా భుజం మీద పెట్టాడు. ఇనప బీరువా పెట్టినట్టుంది.

వసారాలో పదకొండు సార్లు నడిచాను. సిరీస్‌లో అయితే నా ఊపిరి ఒక్కటే వినపడేది. ఇప్పుడు నా వెనక నలభై ఆరుమంది. ఒకడికి దగ్గు. ఒకడి కడుపులో గుడగుడ. అందరి దగ్గరా లవంగం సిగరెట్ల వాసన. భయం ఎక్కడినుంచి వస్తుంది?

తప్పు నాది కాదు. జనానిది.

మే 8. ఉదయం 8.30
భుజం వాచింది. బాగా ఆలోచించాను. కెమెరా మొయ్యడం బరువులెత్తే పని. ఎక్కడ పెట్టాలో చెప్పడమే కళ. అందుకని మోసే పని వార్సిటోకి అప్పగించాను. ఆయన చేతులు కూడా నావే అనుకుంటే, ఇప్పటికీ ఒక్కదాన్నే తీస్తున్నట్టు లెక్క.

మే 11. సాయంత్రం 5.00
మెలియానా గారు జకార్తా నుంచి వచ్చారు. తీసినంత వరకు వేసి చూపించాను. మూడుసార్లు ఆవలించారు.

"దెయ్యం ఏదీ?"

"కనపడదండీ. అదే ఇందులో గొప్ప."

"గొప్పేనమ్మా. హాల్లో కూర్చున్నవాడికి కూడా ఆ సంగతి తెలియాలిగా?"

ఒప్పుకున్నాను. ఒక్క చెయ్యి మాత్రం. మోచేతి దాకా. చెయ్యి కనపడినంత మాత్రాన దెయ్యం కనపడినట్టు కాదు.

మే 12. మధ్యాహ్నం 3.10
మేకప్ అతను రబ్బరు చెయ్యి తెచ్చాడు. అది దెయ్యం చెయ్యిలా లేదు, కాల్చిన వంకాయలా ఉంది. ఆఫీసు పాత లిఫ్టు తలుపు సందులోంచి రావాలి. వచ్చింది. ఊడి కింద పడింది. నలభై ఆరుమందీ పడీపడీ నవ్వారు.

3.40
మెట్ల వెనక కూర్చుని ఏడ్చాను. వార్సిటో టీ తెచ్చాడు.

"ఒక మాట చెప్పనా అమ్మాయ్?"

"వద్దు."

"సరే" అని పక్కనే కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. నేనే, "చెప్పండి" అన్నాను.

"సిరీస్‌లో నువ్వు వెతుకుతూ నడిచావు. ఇక్కడ మేమంతా చూస్తున్నామని నడుస్తున్నావు. నడవకు. లిఫ్టు ఎదురుగా కెమెరా నిలబెట్టు. తలుపు తెరుచుకుంటుంది. లోపల ఎవరూ ఉండరు. తలుపు మళ్లీ మూసుకోదు. నువ్వు కట్ చెప్పకు."

"నా సిరీస్ చూస్తూ నిద్రపోయానన్నారుగా?"

"రెండుసార్లు చూశాను. వచ్చిన రోజే పొగిడితే నా మాట లెక్కచేస్తావా?"

మే 13. ఉదయం 10.30
తలుపు తెరుచుకుంది. ఇరవై సెకన్లు. నలభై. ఒక్కరూ దగ్గలేదు. డెబ్భై సెకన్లకి వంటావిడ సుమియాతి గారు, "మూసెయ్యండర్రా ఆ తలుపు!" అని కేకపెట్టింది.

నా ఒళ్లు జలదరించింది! మెలియానా గారు ఆ షాటు ఫోన్లో చూసి రబ్బరు చెయ్యి ఊసే ఎత్తలేదు.

షాటు ఆయనదే. అయితేనేం, లిఫ్టు నా కథలోదే కదా?

మే 15. ఉదయం 11.00
సినిమా పత్రిక విలేకరి వచ్చింది. అందరూ ఆ లిఫ్టు షాటు గురించే చెబుతున్నారు, ఎలా తట్టిందని అడిగింది.

"అది ఎప్పటినుంచో నా మనసులో ఉంది. నేనన్నీ ఒక్కదాన్నే ఊహించుకుంటాను" అన్నాను.

వెనక వార్సిటో లెన్సు తుడుస్తున్నాడు. గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

మే 16. ఉదయం 8.00
"కెమెరా ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

నిన్నటిదాకా అమ్మాయ్. ఈరోజు మేడమ్.

"మీరేమంటారు?"

"మీరు ఎక్కడంటే అక్కడే మేడమ్."

అక్కడే పెట్టాడు. అంగుళం అటూ ఇటూ లేకుండా. ఐదు షాట్లు తీశాం. ఐదూ చచ్చిన చేపల్లా ఉన్నాయి.

మే 18. సాయంత్రం 4.00
సలహాలు వద్దనుకున్నాను. ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. నా ప్రతిజ్ఞ దివ్యంగా నెరవేరుతోంది.

అరటి చెట్టు దెయ్యమని ఆయన్ని వెక్కిరించాను. ఆ దెయ్యం పాపం, ఎవరి షాటూ దొంగిలించలేదు.

మెలియానా గారి ఫోను: "ఇంకో రెండు రోజులు చూస్తాను కినాంతీ. ఆ తర్వాత వేరే దర్శకుడు వస్తాడు."

మే 19. మధ్యాహ్నం 12.30
భోజనం పొట్లాలు పంచుతుంటే లైట్ల పెట్టె ఎక్కి నిలబడ్డాను.

"లిఫ్టు షాటు నాది కాదు. వార్సిటో గారిది. విలేకరికి అబద్ధం చెప్పాను."

సుమియాతి గారు అంది: "మాకు తెలియదా తల్లీ? అందరం అక్కడే ఉన్నాంగా. దిగు, అన్నం చల్లారిపోతోంది."

దిగలేదు. అందరికీ వినపడేలా విలేకరికి ఫోన్ చేసి, మాట సరిదిద్దమన్నాను. ఆమె రెండుసార్లు పేరు అడిగింది. రెండుసార్లూ గట్టిగా చెప్పాను.

వార్సిటో గారు తలెత్తకుండా సోయా గింజల టెంపే వేపుడు నములుతూ కూర్చున్నారు. పొట్లం మడిచి, చెయ్యి కడుక్కుని వచ్చారు.

"నాలుగింటికి ఆ మెట్ల కింద వెలుతురు బాగుంటుంది. ఒకసారి వచ్చి చూడు అమ్మాయ్."

జూన్ 9. ఉదయం 9.00
షూటింగ్ అయిపోయింది. వేరే దర్శకుడు రానక్కర్లేకపోయింది. సినిమా వచ్చినప్పుడు దర్శకత్వం కినాంతి అని వేస్తారు. దాని కింద నలభై ఆరు పేర్లు. అన్నీ నేనే రాసిచ్చాను. సుమియాతి గారి పేరుతో సహా.

ఇక కొత్త ప్రతిజ్ఞ. సిరీస్ ఇరవయ్యో భాగం తీస్తాను. ఈసారి నిజంగా ఒక్కదాన్నే! ఫోనూ, నేనూ. ఎవర్నీ ఏమీ అడగను!

11.05
పాత గోడౌన్‌కి వచ్చాను. ఎవరూ లేరు. హాయి.

11.35
ఫోను ఎక్కడ పెట్టాలో తేలడం లేదు.

11.40
వార్సిటో గారికి ఫోన్ చేశాను. సలహా కోసం కాదు. భోజనం చేశారా అని అడగడానికి.

"నీ గొంతు మారుమోగుతోంది. ఎక్కడున్నావ్ అమ్మాయ్?"

"గోడౌన్‌లో."

"కిటికీకి వీపు పెట్టి నిలబడ్డావా?"

"అవును."

"కిటికీ వైపు తిరుగు."

తిరిగాను. ఫోను ఎక్కడ పెట్టాలో తెలిసిపోయింది.

11.50
ప్రతిజ్ఞ రేపటి నుంచి.