నీ ఎడమచేతి బాక్సర్ ఓడిపోయాడు

అన్నయ్యా,

ఎవరు గొప్పని మనం ఏళ్ల తరబడి ఫోన్‌లో పోట్లాడుకున్న ఆ ఇద్దరు బాక్సర్లూ చివరికి ఒకే రింగ్‌లోకి దిగారు. నువ్వు పోయి రెండేళ్లయింది. ప్లేనోలో మీ ఇంట్లోనే, వదిన పక్కన కూర్చుని చూశాను.

నాది ఒక్క ఓటమీ లేనివాడి పక్షం. నీది ఎడమచేతివాటం వాడి పక్షం. "వాడు ఓడాడు, నిజమే. కానీ ఎనిమిది వెయిట్ క్లాసుల్లో చాంపియన్ అయినవాడు ఇంకెవడున్నాడే?" అనేవాడివి. ఆ వాదన మనిద్దరిదే అనుకున్నాను. వదినకు బాక్సింగ్ అంటే చిరాకని నువ్వే చెప్పావు.

నావాడే పాయింట్ల మీద గెలిచాడు. వదిన టీవీ ఆఫ్ చేసి, "మీ అన్నయ్య ఎప్పుడో ఒప్పుకున్నారు," అంది.

"ఏమని?"

"రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే నువ్వే కరెక్ట్ అని. నీకు చెప్పొద్దన్నారు. చెప్తే నువ్వు ఫోన్ చేయడం మానేస్తావట."

ఆమె నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను గెలిచిన సంగతి నీ నోట విన్నది ఆమె, నేను కాదు.

ఆ మాట అంటున్నప్పుడు నువ్వు నవ్వావో లేదో అడగాలనిపించింది. నీ గురించి ఆమెను అడిగి తెలుసుకోవడం ఇష్టంలేక, ఆమె పెడతానన్న కాఫీ తాగకుండానే వచ్చేశాను.

నీ చెల్లెలు