హోల్డ్‌లో పెట్టిన ఇల్లు

2006 జూన్ 4, ఆదివారం

ఆర్కే పురంలో మా ఇంటి నుంచి నోయిడా పక్కనున్న ఇందిరాపురం. ఈ ఎండలో రెండు బస్సులు, ఒక ఆటో. అక్కడ మేం అద్దెకిచ్చే ఫ్లాటు ఖాళీ అయినప్పటి నుంచీ ఇవే తిప్పలు. క్రాంతి, తేజశ్రీ చూశారు. కొత్తగా పెళ్లయిన హైదరాబాద్ పిల్లలు, నోయిడాలో సాఫ్ట్‌వేర్. తెగ నచ్చిందట. ఇంకెవరికీ ఇవ్వకండి ఆంటీ, నెలాఖరుకి దిగిపోతాం అంది తేజశ్రీ. మాటిచ్చాను.

జూన్ 10

తేజశ్రీ ఫోన్. వాళ్ల అత్తగారికి వంటగది దిక్కు మీద అనుమానమట. రేపు దిక్సూచి తెస్తారట. మళ్లీ రెండు బస్సులు.

జూన్ 11, సాయంత్రం 5

పన్నెండుకని చెప్పి రెండున్నరకి వచ్చారు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. పొయ్యి తూర్పుకే ఉందని తేలింది. అయినా ఆలోచించుకుంటారట, అప్పటిదాకా హోల్డ్‌లో పెట్టాలట. నేనేమన్నా కస్టమర్ కేరా?

జూన్ 16, శుక్రవారం

ఎవరో చెబితే ఇంద్రాణి అనే ఆవిడ మా ఆఫీసుకే వెతుక్కుంటూ వచ్చింది. రాజమండ్రి మనిషి, నర్సు. ఎనిమిదేళ్ల కూతురు ఇషిత. ముప్పయ్యో తారీఖుకి ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికెళ్లినా మీ ఆయనెక్కడ అని అడిగి, విడిపోయామనగానే తలుపేస్తున్నారట. ఆ మాట తను చెప్పడానికి ముందే నేనూ అదే అడిగాను. సిగ్గేసింది.

చూడకుండానే తీసుకుంటానంది. వేరేవాళ్లకి మాటిచ్చేశానమ్మా అన్నాను. "మాట తప్పమని ఎలా అడుగుతానండీ" అని నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. పేపరు దించకుండానే, మాటంటే మాటే అన్నారు. బస్సులెక్కేది ఆయన కాదుగా.

జూన్ 18

క్రాంతికి ఫోన్ చేసి అడిగేశాను, వస్తారా రారా అని. హండ్రెడ్ పర్సెంట్ ఆంటీ, ట్రస్ట్ మీ అన్నాడు.

జూన్ 24

ఎస్సెమ్మెస్. సారీ ఆంటీ, ఆఫీసు పక్కనే ఇంకోటి దొరికింది. చివర్లో ఒక స్మైలీ కూడా!

వెంటనే ఇంద్రాణికి ఫోన్ చేశాను, ఇల్లుంది వచ్చెయ్యమని. నిన్ననే వాళ్ల తమ్ముడొచ్చి ఇషితని రాజమండ్రి తీసుకెళ్లాడట. అక్కడ బడిలో వేస్తారట. తను నర్సుల హాస్టల్లో సర్దుకుంటుందట. "మీ తప్పేముందండీ" అని నన్నే ఓదార్చింది.

పిల్లని ఎప్పుడు తెచ్చుకున్నా ఇల్లు నీదే అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

జూలై 2

బ్యాంకాయన ఎవరో ఫ్లాటు చూస్తానని ఫోన్ చేశాడు. ఇచ్చేశామని చెప్పాను. ఇంద్రాణి ఇంకా వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.