కుడివైపు గేరు

తిరువూరు,
12-11-2000.

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. నిలబడి ఉంటే కూర్చుని చదువు. బండి కొన్నాను. కొత్తది కాదు, అరవై నాలుగు నాటి బుల్లెట్టు. విస్సన్నపేటలో రాయప్ప గారి మామిడికాయల షెడ్డులో పడి ఉంది. సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, వైర్లన్నీ ఎలుకలు తినేశాయి. ఇంజను బిగుసుకుపోయి కిక్కు రాడ్డు అంగుళం కూడా దిగలేదు. ట్రాక్టరులో వేసుకుని తెచ్చాను. బోసు బొమ్మ దగ్గర ఎవడో "పంతులుగారూ, పాత ఇనుముకా?" అని అరిచాడు. "నిన్ను కూడా తూకం వేయిస్తాను, ఎక్కరా" అన్నాను.

మెకానిక్ పేరు యోసేపు. చుట్టూ తిరిగి చూసి, "ముందు విప్పుదామండి, ఏడవాల్సి వస్తే విప్పాక ఏడుద్దాం" అన్నాడు. మనిషి నాకు నచ్చాడు.

నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ నా సంగతీ ఆలోచించు. లారీ గుద్ది ఏడాది కావస్తోంది. ఎడమకాలి చీలమండలో రాడ్డు వేశారు గానీ, పశువులకు సూదులూ ఎద ఇంజెక్షన్లూ వేసే చేతులు బాగానే ఉన్నాయి కదా! ఎ.కొండూరు నుంచీ గంపలగూడెం నుంచీ ఇంకా కబుర్లు వస్తున్నాయి, "పంతులుగారూ, గేదె ఎదకొచ్చింది, వస్తారా?" అని. ఎదకొచ్చిన గేదె షేరాటో నిండేదాకా ఆగుతుందా? నేను చేరేసరికి వేళ దాటిపోతోంది. ఇలాగే ఉంటే వేసవికల్లా ఊళ్ళవాళ్ళు ఇంకొకణ్ణి చూసుకుంటారు. నాన్నగారు మన ఊరు నెమలిలో తనతో గుడి అర్చకత్వం చేయమంటే వినకుండా ఎంచుకున్న పని ఇది. వదలను.

బావగారికి నమస్కారాలు.

నీ మొండి తమ్ముడు,
ఆత్రేయ

*

తెనాలి,
20-11-2000.

చిరంజీవి ఆత్రేయకు,

అక్క ఆశీస్సులు. కూర్చునే చదివాను. చదివాక లేవబుద్ధి కాలేదు.

ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా? పనే చేయాలనుకుంటే, చేత్తో ఎత్తగలిగేంత తేలికవి కొత్త బళ్ళు బోలెడొచ్చాయి. ఆ ఇనప ఏనుగు ఎందుకురా? పైగా ఆ పాత బళ్ళకి గేరూ బ్రేకూ తారుమారుగా ఉంటాయని బావగారు చెప్పారు. మనకి ఎడమకాలికి అలవాటైన గేరు దానికి కుడివైపు ఉంటుందట. ఎదురుగా లారీ వస్తే, బ్రేకనుకుని గేరు తొక్కితే నీ గతేమిటి? అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నేనొక పని చేశాను. వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూతు కోసం నీ పేరున దరఖాస్తు పెట్టాను. తిరువూరు బస్టాండు దగ్గర గాజు గది, ఫ్యాను, కుర్చీ. నీడపట్టున కూర్చుంటావు. మార్చిలో బెజవాడలో డాక్టర్ల క్యాంపు ఉంది. అక్కడ నీ కాలు చూసి సర్టిఫికెట్టు ఇస్తారు. దానికి వెళ్తానని మాటివ్వు.

అన్నట్టు ఆ యోసేపు కొట్టు పక్కన ఫోనున్న షాపు ఏదన్నా ఉందా? నంబరు రాయి. ఎప్పుడన్నా అవసరం పడుతుంది.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
రమాసుందరి

*

తిరువూరు,
3-12-2000.

అక్కయ్యా,

వికలాంగుడని నువ్వు రాసిన కాగితం మడిచి ట్రంకు పెట్టెలో పడేశాను. క్యాంపుకి వెళ్తాను, నీ మాట కాదనను. కుర్చీలో మాత్రం కూర్చోను. చిల్లర లెక్కపెట్టుకుంటూ, ఎవరో ఎవరితోనో మాట్లాడుకునే మాటలు వింటూ బతకమంటావా? నా వల్ల కాదు.

ఇంజను మొత్తం విప్పేశాం. పిస్టను తుప్పుపట్టి సిలిండరుకి అతుక్కుపోయింది. డీజిలు పోసి నానబెట్టి, చెక్క అడ్డంపెట్టి కొడితే ఊడింది. సిలిండరుకి బెజవాడలో బోరింగు చేయించి నున్నగా చెక్కించుకొచ్చాను. ఇంకోటి. నా జేబులో సిగరెట్టు పెట్టె చూశామని ఎవరన్నా నీ చెవిన వేస్తే నమ్మకు. నిప్పురవ్వ సరైన క్షణంలో పడేలా చూడటానికి రవ్వ పుట్టించే పాయింట్లనే రెండు రేకుల మధ్య పల్చటి సిగరెట్టు కాగితం పెట్టి లాగుతారు. అది పట్టు వదిలిన చోట టైమింగు కుదిరినట్టు. కాగితాలు నావి, సిగరెట్లు యోసేపువి.

నువ్వడిగిన ఫోను నంబరు వెనకవైపు రాశాను. అది పక్కనున్న టైర్ల షాపు ఏడుకొండలుది.

ఆత్రేయ

*

తిరువూరు,
29-1-2001.

అక్కయ్యా,

ఇవాళ నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీకు రాస్తున్నాను.

సంక్రాంతి అయిన వారానికి ఇంజను అంటుకుంది. హెడ్‌లైటు మీది మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, ఇంజను బిగువు తగ్గించే డీకంప్రెషను లివరు నొక్కి వదిలి, కుడికాలితో ఒక్క తోపు. డుగ్గు డుగ్గుమంటూ అందుకుంది. టైర్ల షాపులోంచి జనం బయటికొచ్చారు. నేను ఏడ్చాను అక్కయ్యా, దాచడమెందుకు.

రంగు వేసేదాకా ఆగమంటే నెమలి వెళ్ళొచ్చాను. తిరిగొచ్చేసరికి యోసేపు చేతులు తుడుచుకుంటూ, "మీకో బహుమానమండి! గేరు ఎడమకి మార్చేశాను. ఇప్పుడందరూ ఇలాగే మార్పించుకుంటున్నారు. డబ్బులొద్దండి" అన్నాడు. వంగి చూస్తే నిజమే. "ఎవరు చెప్పారు నీకు?" అంటే గుడ్డ తీసుకుని ట్యాంకు తుడవసాగాడు.

ఇన్నాళ్ళూ సిగ్గేసి నీకు చెప్పలేదు. కొత్త బండి నేను చూడకపోలేదు. దసరాకి ముందు ఎవరూ లేని చోట స్నేహితుడి బండి ఎక్కాను. ఎడమవైపు గేరు కింద కాలివేళ్ళు పెట్టి పైకి లేపాలి. నా చీలమండ వంగితేగా! చూపు కిందికి దించి కాలితో తంటాలు పడుతూ మిరపతోటలో పడ్డాను. ఆ సాయంత్రం నేను దేనికీ పనికిరానని ఒప్పేసుకున్నాను. అప్పుడు రాయప్ప గారి షెడ్డులో ఈ బుల్లెట్టు కనబడింది. కిక్కూ కుడివైపే, గేరూ కుడివైపే. ఎడమకాలికి బ్రేకొక్కటే పని. దానికి చీలమండ వంగక్కర్లేదు, పాదమంతా మోపితే చాలు. ఈ భూమ్మీద నా కాలికి సరిపడే బండి అదొక్కటే అక్కయ్యా! దాన్నీ అందరి బండిలా చేసిపెట్టాడు. పాత లివర్లు ఎక్కడ పారేశాడో అతనికే తెలియదు.

కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. అతను తల వంచుకుని పానాలు సర్దుకున్నాడు.

ఆత్రేయ

*

తెనాలి,
4-2-2001.

ఆత్రేయా,

నీ ఉత్తరం అందింది. యోసేపుని ఇంక ఏమీ అనకు. అతని తప్పేమీ లేదు. పాత లివర్లు ఎక్కడున్నా వెతికించు. దొరక్కపోతే చేయించు. ఎలా ఉందో అలాగే బిగించమను.

క్యాంపుకి మాత్రం వెళ్ళు. ఎలా వెళ్తావో నీ ఇష్టం.

అక్క

*

తిరువూరు,
18-3-2001.

ప్రియమైన అక్కయ్యకు,

నీ మాట ప్రకారం క్యాంపుకి వెళ్ళాను. నువ్వన్నట్టే, నా ఇష్టమొచ్చినట్టు వెళ్ళాను.

లివర్లు ఏడుకొండలు షాపు వెనక పాత టైర్ల గుట్టలో దొరికాయి. యోసేపే వెతికి, తనే మళ్ళీ కుడివైపు బిగించాడు. నెలరోజులు ఎ.కొండూరు రోడ్డు మీద అలవాటు చేసుకున్నాను. మొన్న పొద్దున్నే బయల్దేరి మైలవరం మీదుగా బెజవాడ చేరాను. ఇబ్రహీంపట్నం దగ్గర లారీల మధ్య నుంచి వెళ్ళాను. బ్రేకనుకుని గేరు తొక్కలేదు.

ఆసుపత్రి గుమ్మంలో బండి స్టాండు వేస్తుంటే, కర్రలతో వరసలో కూర్చున్న వాళ్ళంతా ఇటే చూశారు. పెద్ద డాక్టరు గారు నా చీలమండ అటూ ఇటూ తిప్పబోయి, "ఇది అస్సలు వంగదే! తోడెవరొచ్చారు? ఎలా వచ్చావు?" అని అడిగారు.

"బుల్లెట్టు మీదండి."

"ఎవరు నడిపారు?"

"నేనేనండి."

నమ్మలేదు. కిందికొచ్చి చూశారు. నేను కిక్కు కొట్టి, ఆవరణలో ఒక చుట్టు తిరిగి ఆయన ముందు ఆపాను. ఆయన వంగి కుడివైపు గేరు చూశారు. "కాలు వంగని మాట నిజం కాబట్టి సర్టిఫికెట్టు ఇస్తాను. దాన్ని పట్టుకుని కూర్చుంటావో, మడిచి దాస్తావో నీ ఇష్టం" అన్నారు. మడిచి దాచాను.

తిరిగొచ్చేటప్పటికి మైలవరం దగ్గర చీకటి పడబోతోంది. ఇంటి అరుగు మీద గంపలగూడెం రైతు కూర్చుని ఉన్నాడు, గేదె ఎదకొచ్చిందని. ఇంజను ఆపకుండానే "ఎక్కవయ్యా" అన్నాను.

నీ తమ్ముడు,
ఆత్రేయ

*

తెనాలి,
26-3-2001.

చిరంజీవి ఆత్రేయకు,

అక్క దీవెనలు. ఈసారి నువ్వు కూర్చుని చదువు.

గేరు మార్పించింది నేను. ఏడుకొండలు షాపుకి ఫోను చేసి యోసేపుని పిలిపించాను. "బాబూ, మా తమ్ముడు లారీ కింద పడి బతికినవాడు, తారుమారు గేరుతో మళ్ళీ పడితే నేను బతకను, అందరికీ ఉన్నట్టు మార్చు, నా పేరు చెప్పకు" అని బతిమాలాను. డబ్బు పంపింది కూడా నేనే. నువ్వు అన్ని తిట్లు తిట్టినా ఆ మహానుభావుడు ఇచ్చిన మాట తప్పలేదు. వెళ్ళి అతనికి దణ్ణం పెట్టు.

నిన్ను ఆసుపత్రి మంచం మీద చూసినప్పటి నుంచి, వీధిలో ఏ బండి చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తి చూసేదాన్ని. నీ కాలికేం కావాలో నిన్నే అడగాలని ఒక్కసారి కూడా తోచలేదురా! నీకేది మంచిదో నాకే తెలుసనుకున్నాను. బూతు దరఖాస్తు నాకు అక్కర్లేదని కాగితం రాసి పంపు, ఇంకెవరికన్నా వస్తుంది.

వచ్చే వారం వస్తున్నాను. బస్టాండుకి ఆటో పంపావో, అదే బస్సులో వెనక్కి పోతాను. బండి తీసుకురా. నన్ను నెమలి తీసుకెళ్ళు. నాన్నగారు అరుగు మీద ఉండగా గుడి ముందు దిగాలి. "ఈ వయసులో బుల్లెట్టు ఎక్కుతావా?" అంటున్నారు మీ బావగారు. నేను వింటానా?

నేను ఒకవైపుకి తిరిగి కూర్చుంటాను కాబట్టి పట్టుకోడానికో కమ్మీ, చీర చక్రంలో పడకుండా జాలీ కావాలి. ఆ రెండూ ఎడమవైపు పెట్టించు. గేరు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకు.

నీ కంటే మొండి,
అక్క