ఆక్లాండ్ చేరేదాకా

సరోజా,

నిన్న నీ కూతురు లావణ్య విమానం ఎక్కింది. ఆక్లాండ్‌లో నర్సు ఉద్యోగం. ఇక్కడి నుంచి దాదాపు పన్నెండు వేల కిలోమీటర్లట. సింగపూర్‌లో ఆగడం కలుపుకుని ఇరవై గంటలట. మీ ఆయన ఫోనులో చూసి చెప్పాడు.

అది గడప దాటినప్పటి నుంచి నేను ఇల్లు ఊడవలేదు. ప్రయాణమైన మనిషి చేరేదాకా చీపురు ముట్టకూడదని అవ్వ చెప్పేది కదా. నువ్వు నవ్వేదానివి. "నీ లెక్కన ఎవరన్న చంద్రుని మీదికి పోతే ఇల్లంత దుబ్బల మునుగుతది గదా అక్కా!"

ఆ రోజు నువ్వు కీసర గుడికని ఆటో ఎక్కావు. మలుపు తిరిగావో లేదో, కొత్తగా చేరిన పనామె తెలియక వాకిలి ఊడ్చేసింది. మేడ్చల్ నుంచి కీసర గంట దూరం. నువ్వు చేరలేదు.

పొద్దున మీ ఆయన అన్నాడు, "వదినె, విమానం దిగిందని ఫోన్ల సూపిస్తాంది. ఇగ ఊడ్వున్రి."

"పిల్ల గొంతు విననియ్యి," అన్నాను.

మధ్యాహ్నం దాటింది. ఎన్నిసార్లు చేసినా దాని ఫోను కలవడం లేదు. నీ పటం ముందున్న దీపంలో మళ్లీ నూనె పోశాను.

ఇందాక పక్కింటామె వచ్చి, "ఇల్లు గిట్లున్నదేంది అక్కా," అంటూ చీపురు అందుకుంది. నీకంటే ఎక్కువగా నవ్వేవాడు మీ ఆయన. గబుక్కున లేచి, ఆమె చేతిలోంచి తీసుకుని బీరువా మీద పెట్టాడు.

మీ అక్క