చదివినవాళ్ళ ఇంటికే కోడలు

మాదాపూర్ హాస్టల్,
2005

సక్కుబాయి అవ్వకు,

మొయినాబాద్ వసంతమ్మ కూతురు పూజ నమస్కారాలు.

మీరు చేవెళ్ళ నుంచి మీ మనవడు ఎల్లేశ్ గారితో నన్ను చూడడానికి వచ్చారు. ఆయన గారెలు తిన్నారు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు మాట్లాడే మనిషి కావాలి అవ్వా. నెట్‌లో చదవాల్సిన వ్యాసాల పేర్లు రాసి పంపుతున్నాను: చరిత్ర, పని, తత్వం, తర్కం మీద. ఇవన్నీ చదివిన మనిషి మీ ఇంట్లో ఉంటే కళ్ళు మూసుకుని ఆ ఇంటికి వస్తాను.

ఇట్లు,
పూజ

తా.క. మధ్యలో వదిలేసినా నేనేమీ అనుకోను. నిజంగా.

*

బిడ్డా పూజా, సల్లగుండు.

నా రాత కోడి గెలికినట్టుంటది, ఏమనుకోకు. ఎల్లేశ్, నేను రోజు మొయినాబాద్ల పింకీ నెట్ సెంటర్‌కు పోతున్నం. చరిత్ర అయిపోయింది. ఒకల భూమి ఒకలు గుంజుకునుడే! గిది మా పాలోల్ల ముచ్చటనే గద. పని గురించి గూడ అయింది. బతికేతందుకు పని గాని, పని కోసం బతుకు గాదట. గది తెలిసిన సంది గడ్డి కోయ బుద్ధయితలేదు.

నీ అవ్వ,
సక్కుబాయి

తా.క. బర్రె చదవలేదు గద, ఒర్రుతనే ఉన్నది.

*

అవ్వా, దండాలు.

అప్పుడే రెండు అయిపోయాయా! ఆయన నిజంగానే చదువుతున్నారా? తత్వంలో 'నేనెవరు' అన్న దాని మీద ఆయన ఏమనుకుంటున్నారో రాయండి.

మీ పూజ

తా.క. ఆయన కళ్ళు బాగుంటాయి. ఊరికే అన్నాను.

*

బిడ్డా, బాగున్నవా?

నేనెవరో రేషన్ కార్డు మీద రాసి ఉన్నది. మరి కార్డు లేకుంటే ఎవరు? గిదే ముచ్చట డీలరు శంకరయ్యను అడిగితే చక్కెర ఇయ్యకుండ దుకాణం బంద్ పెట్టిండు.

నీ అవ్వ

తా.క. లైన్ల నిలవడ్డోల్లు నన్ను తిట్టిన్రు. వాళ్లెవరని వాళ్లను గూడ అడిగిన.

*

ప్రియమైన అవ్వకు,

నిన్న మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మరిచిపోయి ఆఫీసుకు వెళ్ళాను. గేటు దగ్గర 'మీరెవరు?' అన్నారు. మీరు రాసిన ఆయన మాట గుర్తొచ్చి పగలబడి నవ్వాను. ఇంత ఆలోచించే మనిషిని నోరు లేనివాడు అనుకున్నాను, ఛీ! అమ్మకు సరే అని చెప్పేశాను.

మీ పూజ

తా.క. నేను తర్కం చదవలేదు. ఆ పేర్లన్నీ ఆఫీసులో ఎవరో మెయిల్ చేశారు. ఆయనకు చెప్పకండి.

*

బిడ్డా పూజా,

జర కూసోని చదువు. చదివింది ఎల్లేశ్ గాదు, నేను. నెట్ సెంటర్ పిల్ల పింకీ చదివి చెప్తుంటె చింతపండు గింజలు తీసుకుంట ఇన్న. వాడు పక్క కుర్చీల గురక వెట్టిండు.

మోసం జెయ్యలే. చదివిన మనిషి మా ఇంట్ల ఉంటె వస్తనన్నవ్. నేను చదివిన. మా ఇంట్లనే ఉన్న. గనుక నువ్వు రావాలె. తర్కంల ఏడ తప్పున్నదో చెప్పు!

అయినా మాటన్నవని మెడకు సుట్టుకోకు తల్లీ. పెండ్లి వద్దనుకున్నా సరే, ఐతారం ఐతారం వచ్చిపో. గివన్ని చదివినంక నాతోని మాట్లాడెటోల్లు దొరుకుతలేరు. బర్రె అన్నిటికి ఒక్కటే జవాబు చెప్తది.

నీ అవ్వ,
సక్కుబాయి

తా.క. నీ ఉత్తరాలన్ని ఎల్లేశ్‌కు చదివి ఇనిపించిన. వాడు మొదటిసారి నోరు తెరిచిండు: "ఆమె తర్కం చదవలే. నేను గూడ చదవలే. మరి జోడి కుదిరినట్టే గద అవ్వా?"