కంటి మేకప్ తుడిచే పని

వదినగారికి,

ప్రతి నాటకం అయ్యాక మన మనవరాలి మేకప్ ఇన్నాళ్ళూ నేనే కొబ్బరినూనెతో తుడిచాను. మొన్న మీరు మేకప్ తుడవడానికి కొన్న ఆ సీసా నీళ్ళతో తుడిచినప్పటి నుంచి, "నానమ్మా, నీ నూనె ఒకటే జిడ్డు! అమ్మమ్మ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో!" అంటోంది. నాకు ఒళ్ళు మండింది. దాచను.

సీసా మీది చిన్న అక్షరాలు కూడా చదివాను. పౌడరుకూ పెదవుల రంగుకూ ఆ నీళ్ళు మంచివే. తడికి చెదరని కాటుకకు మాత్రం నూనె ఉండాలి. మీరు నీళ్ళతో రుద్దినందుకు పిల్ల కనురెప్పలు కందిపోయాయి.

వచ్చే నాటకానికీ మీరు వస్తున్నారట. ముఖమంతా మీరే తుడవండి. కళ్ళు నాకు వదలండి. అది నా ఒళ్ళో తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని కబుర్లు చెప్పేది అప్పుడే.

మీ వియ్యపురాలు