పడవలో కొరియా క్రీము

మిన్నీ బే

అక్కా, ఈ దీవిలో మేమంతా కులాసా, బెంగపడకు.

మా అబ్బాయి నాగరాజు ఫోన్లో కొరియా కుర్రాళ్ల నున్నటి మొహాలు చూసి, ఎండ తగలనివ్వని క్రీము కొనుక్కుని, అది పూసుకునే చేపల వేటకు వస్తున్నాడు. పడవలో వాళ్లు "క్యా రే హీరోయిన్, సూటింగుకెల్తన్నావేటి?" అని ఏడిపించేసరికి వేటే మానేస్తానన్నాడు. మర్నాడు నేను వాణ్ని పడవ దాకా తీసుకెళ్లి, అందరి ముందూ "నాకూ కూసింత రాయరా" అని మొహం చాపాను. రాశాడు. పెద్దవాడయ్యాక వాడి చెయ్యి నా చెంపకు తగలడం అదే మొదలు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు అందరూ పూసుకుంటున్నారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వీలైతే తాటితాండ్ర పంపు. విశాఖ షిప్పులో మీ ఊరికి వస్తున్న ముసలమ్మ చేతికి బావకో క్రీము ట్యూబు ఇచ్చాను. ఒడ్డున ఎవరైనా నవ్వితే నా పేరు చెప్పమను.

అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు.

తమ్ముడు పోలిరాజు